మ్యాగజీన్ అడుగున రెండు అక్షరాలు

అందరికీ నమస్కారం. వెనక వరుసల వారికి వినిపిస్తోందా? వినిపిస్తోంది కదా. మంచిది.

మొదట ఒక మాట చెప్పాలి. నేను తుపాకులు కాల్చేవాణ్ణి కాదు, అమ్మేవాణ్ణి కాదు. ముప్పై ఏళ్లు టూల్‌రూములో పనిచేశాను. ఒక వస్తువును చూసి అచ్చం అలాంటిదే ఇంకొకటి చేయడమంటే ఏమిటో నా చేతులకు తెలుసు. ఆ దారినే ఈ విషయంలోకి వచ్చాను. మంచి పేరున్న ఒక పిస్తోలును చూసి మరొకరు అలాంటిదే చేశారనుకోండి. ఆ రూపం ఎవరి సొత్తు? ఆ పేరు ఎవరిది? దాన్ని డబ్బిచ్చి కొన్నవాడి చేతికి నిజంగా ఏమి వచ్చినట్టు? ఈ మూడు ప్రశ్నలూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి కలిపే చెబుతాను.

ఈ తెర మీద బొమ్మ చూడండి. సన్నని రేకు డబ్బా. పిస్తోలు పిడిలోకి అడుగు నుంచి దూర్చే మ్యాగజీన్ ఇది. తూటాలు ఇందులో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, కింద ఉన్న స్ప్రింగు వాటిని పైకి నెడుతూ ఉంటుంది. ఇప్పుడు దీని అడుగు పలకను పెద్దది చేస్తున్నాను. చూశారా? రెండు అక్షరాలు కొట్టి ఉన్నాయి. జి, యు. గబిలోందో, ఉర్రేస్తి అనే ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలు అవి. ఈ రెండక్షరాలు అక్కడ ఎందుకు పడవలసి వచ్చిందో తెలిస్తే, నకలు పిస్తోళ్ల కథ సగం తెలిసినట్టే.

1915వ సంవత్సరం. మొదటి ప్రపంచ యుద్ధం. ఫ్రాన్స్ సైన్యానికి పిస్తోళ్లు చాలడం లేదు. స్పెయిన్‌లో బాస్క్ ప్రాంతం ఉంది, అక్కడ ఏయిబార్ అనే ఊరు ఉంది. ఇంటింటా తుపాకీ పని తెలిసిన ఊరు. ఆ ప్రాంతంలోని గబిలోందో ఉర్రేస్తి సంస్థ రూబీ అనే పేరుతో ఒక చిన్న పిస్తోలు చేస్తోంది. 7.65 మిల్లీమీటర్ల తూటా. అది జాన్ బ్రౌనింగ్ అనే అమెరికా రూపకర్త గీయగా బెల్జియంలో తయారైన 1903 నమూనాను చూసి చేసినది. చూసి చేస్తే ఎవరూ అడ్డుపడలేదా అంటే, అప్పటి స్పెయిన్ చట్టం అలాంటిది. పేటెంటు ఉన్నవాడు ఆ వస్తువును స్పెయిన్‌లోనే తయారు చేయించాలి, లేకపోతే అక్కడ ఆ పేటెంటుకు రక్షణ ఉండదు. విదేశీ సంస్థలు అక్కడ కార్ఖానాలు పెట్టలేదు. ఏయిబార్ పనివాళ్లు నిర్భయంగా చేసుకున్నారు. అది వారి దేశంలో చట్టవిరుద్ధం కానే కాదు, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఫ్రాన్స్ నెలకు 10,000 పిస్తోళ్లు కావాలని అడిగింది. కొన్ని నెలలకే దాన్ని 30,000 చేసింది. ఒక్క సంస్థ వల్ల అయ్యే పనేనా? గబిలోందో వాళ్లు చుట్టుపక్కల కార్ఖానాలకు పని పంచారు. వాళ్లకు చాలకపోతే ఇంకొందరు చేరారు. పిలవకుండా వచ్చి నేరుగా ఫ్రాన్స్‌కు అమ్మినవాళ్లూ ఉన్నారు. చివరికి పదుల సంఖ్యలో కార్ఖానాలు, లక్షల్లో పిస్తోళ్లు. అన్నీ రూబీలే. పక్కపక్కన పెడితే అన్నీ ఒకటే అనిపిస్తాయి. కానీ ఒక కార్ఖానా మ్యాగజీన్ ఇంకో కార్ఖానా పిస్తోలులో పట్టదు. పట్టినా సరిగ్గా నిలవదు, తూటా ఎక్కదు.

కందకంలో ఉన్న సైనికుడి చేతిలో ఇది జరిగితే ఏమిటి పరిస్థితి? పక్కవాడు చేయి చాచి తన మ్యాగజీన్ ఇస్తాడు. అది పట్టదు. ఒకే సైన్యం, ఒకే పేరు, ఒకే తూటా, అయినా పట్టదు. అందుకే ఈ అక్షరాలు. ఏ కార్ఖానా అయితే ఆ కార్ఖానా అక్షరాలు పిస్తోలు మీదా కొట్టారు, మ్యాగజీన్ మీదా కొట్టారు. ఈ రెండూ ఒకచోట పుట్టినవి, వీటిని విడదీయవద్దు అని చెప్పడానికి. మీరు ఏదైనా మ్యూజియంలో రూబీ చూస్తే ముందు పిస్తోలు మీది అక్షరాలు చూడండి, తరువాత మ్యాగజీన్ అడుగు చూడండి. చాలాసార్లు కలవవు.

ఇప్పుడు దీని పక్కన ఇంకో కథ పెడతాను. అమెరికా సైన్యం 1911 మార్చి 29న స్వీకరించిన పిస్తోలు ఉంది. అదీ బ్రౌనింగ్ గీసినదే, చేసినది కోల్ట్ సంస్థ. దాన్ని 1911 అనే పిలుస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో దాన్ని ఎవరు చేశారో తెలుసా? ఇథాకా అనే వేటతుపాకుల సంస్థ చేసింది. రైల్వే సిగ్నళ్లు చేసే సంస్థ చేసింది. కుట్టుమిషన్ల సింగర్ సంస్థ 500 చేసింది. టైపురైటర్లు చేసే రెమింగ్టన్ రాండ్ దాదాపు 9 లక్షలు చేసింది, యుద్ధకాలంలో కోల్ట్ చేసిన వాటికంటే ఎక్కువ.

టైపురైటర్ల వాళ్లు చేసిన పిస్తోలును నకలు అని ఎవరైనా అన్నారా? అనలేదు. సింగర్ చేసిన ఆ 500 పిస్తోళ్ల కోసం సేకర్తలు కోల్ట్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పెట్టి కొంటారు. మరి ఏయిబార్ పనివాడికి తుపాకీ పని తాతల నాటి నుంచి వచ్చింది, కుట్టుమిషన్ పనివాడు అంతకుముందు పిస్తోలు ముఖం చూడలేదు. తేడా ఎక్కడ వచ్చింది?

గేజి దగ్గర వచ్చింది. టూల్‌రూములో పనిచేసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే నేను చెప్పబోయేది వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. అమెరికా సైన్యం అన్ని సంస్థలకూ ఒకే గీతలు, అంటే కొలతలతో గీసిన ఒకే నక్షాలు, ఇచ్చింది. ప్రతి కొలతకూ ఎంత ఎక్కువ ఉండవచ్చు, ఎంత తక్కువ ఉండవచ్చు అన్నది రాసి ఇచ్చింది. ఆ కొలత సరిపోయిందా లేదా చూడడానికి గేజిలు ఇచ్చింది. వాటిని పట్టుకుని నిలబడే తనిఖీ అధికారులను పంపింది. సింగర్ మ్యాగజీన్ రెమింగ్టన్ రాండ్‌లో పడుతుంది, ఆ స్లైడ్, అంటే పైన కదిలే భాగం, కోల్ట్ ఫ్రేమ్ మీద, అంటే కింది స్థిరమైన భాగం మీద, నడుస్తుంది. ఏయిబార్‌లో ఎవరి గేజి వారిది. చాలామందికి గేజి బదులు ముందు చేసిన పిస్తోలే కొలమానం.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. పనిలో చేరిన కొత్తలో ఒకాయన ఒక పిన్ను తెచ్చి ఇచ్చాడు. ఏదో విదేశీ యంత్రంలోది. గీత లేదు, నమూనా ఒక్కటే ఉంది. ఇలాంటివి నలభై కావాలి అన్నాడు. మైక్రోమీటరుతో కొలిచాను. 11.95 మిల్లీమీటర్లు. రెండుసార్లు కొలిచాను, మూడోసారీ అంతే. ఎంతో శ్రద్ధగా నలభై పిన్నులు తిప్పాను. మెరిసిపోతున్నాయి, అసలుదాని కంటే నావే అందంగా ఉన్నాయి. మూడు నెలలకు పదకొండు తిరిగి వచ్చాయి. కొన్ని వదులై కొట్టుకుని తల నలిగిపోయాయి, రెండు అడ్డంగా విరిగాయి.

ఏమి తప్పు చేశాను? కొలత తప్పు కాదు. నా చేతికి వచ్చిన నమూనా అప్పటికే అరిగినది. కొత్తగా ఉన్నప్పుడు అది ఎంత ఉండేదో నాకు తెలియదు. అరిగిన దాన్ని నేను ప్రమాణంగా తీసుకుని, దానికి అటూ ఇటూ నా సొంత తేడా కలిపాను. పైగా అసలు పిన్ను పైపొర గట్టిగా, లోపల మెత్తగా ఉండేలా కాల్చి చల్లార్చినది. పైకి అది కనిపిస్తుందా? ఆకురాయితో ఒక్కసారి గీసి చూసి ఉంటే తెలిసేది. నేను గీయలేదు. మైక్రోమీటరు మందం చెబుతుంది, గట్టిదనం చెప్పదు.

నకలు చేసే ప్రతివాడి కష్టమూ ఇదే. వాడి చేతిలో ఉన్నది ఒక్క పిస్తోలు. అసలు సంస్థ దగ్గర ఉన్నది ఆ పిస్తోలు ఒక్కటే కాదు, అది ఎంతవరకు మారినా పనిచేస్తుందన్న జ్ఞానం కూడా ఉంది. ఏ భాగం ఏ ఉక్కు, ఎంత వేడి చేయాలి, ఏది ముందు అరుగుతుంది, ఏ కొలతలో రాజీ పడవచ్చు, ఏ కొలతలో వెంట్రుకవాసి కూడా తప్పకూడదు, ఇవన్నీ కాగితం మీద ఉంటాయి, పనివాళ్ల తలల్లో ఉంటాయి. పిస్తోలులో ఉండవు. పిస్తోలును ముక్కలుగా విప్పినా అవి దొరకవు.

ఇప్పుడు ఈ రోజు నేను అసలు చెప్పాలని వచ్చిన పిస్తోలు దగ్గరకు వద్దాం. సీజెడ్ 75.

చెకోస్లొవేకియాలో ఉహెర్‌స్కీ బ్రోద్ అనే ఊరు. అక్కడ చెస్కా జ్బ్రొయోవ్కా అనే ఆయుధ కర్మాగారం. సీజెడ్ అంటే అదే. ఫ్రాంతిషెక్ కౌట్స్కీ అనే ఆయుధ రూపకర్త అప్పుడే ఉద్యోగ విరమణ చేశారు. 1969లో ఆయన్ను పిలిచి, 9 మిల్లీమీటర్ల పారబెల్లం తూటాకు ఒక పిస్తోలు గీయమన్నారు. సోదరుడు యోసెఫ్ కూడా రూపకర్తే, ఆయుధాల పనిలో ఇద్దరిదీ ఒకే పేరుగా నడిచింది. అంతకుముందు ఫ్రాంతిషెక్ చేసిన పనులన్నింటిలో సైన్యం ఇలా ఉండాలి, అలా ఉండాలి అని షరతులు పెట్టేది. ఈసారి పూర్తి స్వేచ్ఛ ఇచ్చారు. ఎందుకంటే ఈ పిస్తోలు వాళ్ల సైన్యానికి కాదు. ఆ తూటా వాళ్ల సైన్యం వాడేదే కాదు. ఇది ఎగుమతి కోసం. 1975లో బయటకు వచ్చింది కాబట్టి ఆ పేరు.

నేను చెక్కతో చేసిన రెండు నమూనాలు తెచ్చాను. ముందు వరుసలో వాళ్లు తీసుకుని చూసి వెనక్కి అందించండి. రెండింటిలోనూ పైన కదిలేది స్లైడ్, కింద స్థిరంగా ఉండేది ఫ్రేమ్. మొదటి దానిలో స్లైడ్ ఫ్రేమ్‌ను బయటి నుంచి పట్టుకుని జారుతుంది, పెట్టె మీద మూత లాగా. చాలా పిస్తోళ్లు ఇలాగే ఉంటాయి. రెండోది చూడండి. ఇక్కడ స్లైడే ఫ్రేమ్ లోపల జారుతోంది, బల్ల సొరుగు లాగా. సీజెడ్ 75 ఈ పద్ధతి. స్లైడ్‌కు రెండు వైపులా ఫ్రేమ్ పట్టు పొడవునా ఉంటుంది కాబట్టి అటూ ఇటూ ఊగదు. బొటనవేలు పెట్టి పక్కకు నెట్టి చూడండి, తేడా తెలుస్తుంది. దీనికి ఒక ఇబ్బందీ ఉంది. స్లైడ్ చాలా భాగం లోపలే ఉండడం వల్ల బయట వేళ్లతో పట్టుకుని లాగడానికి చోటు తక్కువ. చేతులు తడిగా ఉన్నవాడికి అది కష్టమే.

ఈ లోపలి పట్టాల ఆలోచన కౌట్స్కీ సోదరులదేనా? కాదు. వారికంటే చాలా ముందు షార్ల్ పెట్టర్ అనే రూపకర్త ఫ్రాన్స్‌లో అలాగే చేశాడు. స్విట్జర్లాండ్‌కు చెందిన సిగ్ సంస్థ 1937లో దానికి లైసెన్సు కొనుక్కుని, ఏళ్ల తరబడి నునుపు చేసి, పి210 అనే గొప్ప పిస్తోలు చేసింది. గొట్టం వెనక భాగం కిందికి దిగి, దాన్ని స్లైడ్‌తో బిగించి ఉంచే గడియ విడిపోయే పద్ధతి బ్రౌనింగ్‌ది. రెండు వరుసలుగా తూటాలు పట్టే మ్యాగజీన్ అంతకుముందే బెల్జియంలో చేసిన హై పవర్ అనే పిస్తోలులో ఉంది. మరి కౌట్స్కీలు చేసిందేమిటి? అవన్నీ ఒకచోట కూర్చారు. మొదటి గుండుకు ట్రిగ్గర్‌ను బలంగా నొక్కితే హ్యామర్, అంటే తూటాను పేల్చే వెనక సుత్తి, తనంతట తాను లేచి పడే పద్ధతిని కలిపారు. ఇష్టమైతే హ్యామర్‌ను ఎత్తి, పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట వేసి ఉంచుకునే వీలూ పెట్టారు. వీటన్నింటికీ మించి ఒక పిడి గీశారు. ఆ పిడి పట్టుకున్నవారు దాన్ని మరచిపోరని కాల్చేవారందరూ చెబుతారు. నాకు అక్కడే గౌరవం. ఒక్కో ఆలోచనకు ఒక్కో తండ్రి ఉన్నాడు, కానీ ఆ కూర్పు వీరిది.

ఇంత మంచి కూర్పును ఆ సంస్థ కాపాడుకోవాలి కదా. ఇక్కడ జరిగినది వింటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. చెకోస్లొవేకియా దీనికి రహస్య పేటెంట్లు ఇచ్చింది. రహస్య పేటెంటు అంటే దేశంలో మరెవరూ చేయకూడదు, ఆ పేటెంటు ఉన్నట్టు బయటివారికి తెలియకూడదు. బయటకు తెలియకూడని దానికి బయటి దేశాల్లో పేటెంటు ఎలా అడుగుతారు? అడగలేదు. అంటే ఎగుమతి కోసమే గీసిన పిస్తోలుకు, అది ఎగుమతి కావలసిన ఏ దేశంలోనూ రక్షణ లేదు. ఇంటి లోపలి గదికి తాళం వేసి వీధి తలుపు తీసి పెట్టినట్టయింది.

దీనికి తోడు ఇంకోటి. అది ప్రచ్ఛన్న యుద్ధ కాలం. అమెరికా అప్పట్లో చెకోస్లొవేకియా సరుకు మీద భారీ సుంకం వేసేది. పిస్తోళ్ల మీద రాసేవారిలో పేరున్న జెఫ్ కూపర్ సీజెడ్ 75ను ఎంతో మెచ్చుకున్నాడు. అది చదివి కొనాలని ఉన్నవాడికి పిస్తోలు దొరకదు. దొరికినా విపరీతమైన ధర. కీర్తి ముందే చేరింది, సరుకు చేరలేదు. కోరిక ఉంది, పేటెంటు అడ్డు లేదు, అసలు సంస్థ ఆ బజారులో లేదు. ఇంతకంటే అనువైన సమయం నకలు చేసేవాడికి ఎప్పుడు దొరుకుతుంది?

ఇటలీలో త్రోంపియా లోయలో గార్దోనే అని ఒక ఊరు ఉంది. 1526 నాటికే అక్కడ బెరెట్టా కుటుంబం వెనిస్‌కు తుపాకీ గొట్టాలు అమ్మింది. అదే ఊళ్లో తాన్‌ఫోల్యో అనే సంస్థ. 1980లలో టీఏ-90 అనే పిస్తోలు తెచ్చింది. సీజెడ్ 75 ఎరిగినవాడు చూడగానే గుర్తుపడతాడు. అయితే మక్కికి మక్కి దించలేదు. సేఫ్టీ మీటను ఫ్రేమ్ మీద నుంచి స్లైడ్ మీదకు మార్చారు. తరువాత ఫ్రేమ్ మీద ఉన్న రకమూ చేశారు. ఇజ్రాయెల్‌లో 1990లో జెరికో 941 వచ్చింది. మొదట్లో దాని విడిభాగాలు తాన్‌ఫోల్యో నుంచే వెళ్లాయి. స్విట్జర్లాండ్‌లో ఏటీ-84 వచ్చింది, దాని వంశమే తరువాత స్ఫింక్స్ అయింది. చేతిపనిలో అసలును మించిందని దానికి పేరు. తుర్కియేలో సర్‌సిల్మాజ్, జానిక్, చైనాలో నోరింకో, చివరికి ఉత్తర కొరియా కూడా బెక్‌దు పర్వతం పేరుతో ఒకటి చేసింది. అన్నింటి గురించీ చెబుతూ పోతే రాత్రి అవుతుంది.

ఇక్కడ ఒక మాట మీద ఆగుదాం. నకలు. వీటన్నింటినీ ఈ ఒక్క మాటతో పిలవడం న్యాయమేనా? బ్రెజిల్‌లో టారస్ అనే సంస్థ ఉంది. దాని పీటీ92ను అందరూ బెరెట్టా 92కు నకలు అంటారు. జరిగిందేమిటంటే, బెరెట్టా బ్రెజిల్ సైన్యం కోసం సావో పాలోలో కర్మాగారం కట్టింది. ఆ ఒప్పందం ముగిశాక 1980లో టారస్ దాన్ని యంత్రాలతో, గీతలతో, పనివాళ్లతో సహా కొనుక్కుంది. అదే లేతు, అదే గేజి, అదే మనిషి. గోడ మీద పేరు మాత్రం మారింది. బెరెట్టా తరువాత సేఫ్టీని స్లైడ్ మీదకు మార్చుకుంది, టారస్ పాత చోటే ఉంచింది. పాత రూపాన్ని ఎక్కువగా నిలబెట్టుకున్నది ఎవరు? దాన్నీ, ఏయిబార్‌లో పిలవకుండా వచ్చినవాడు చేసిన రూబీనీ ఒకే మాటతో పిలిస్తే, ఆ మాట మనకు ఏమీ చెప్పడం లేదు.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. పేటెంటుకు గడువు ఉంటుంది. గడువు తీరాక ఆ యంత్రాంగం అందరిదీ. 1911ను ఈనాడు ఎంతోమంది చేస్తున్నారు, ఎవరూ ఎవరినీ అడగనక్కరలేదు. పేరు, గుర్తు మాత్రం అలా కావు, వాటి మీద హక్కు కొనసాగుతుంది. గడువులో ఉండగా దగ్గరగా పోతే కోర్టుకు వెళ్తారు. స్మిత్ అండ్ వెసన్ 1994లో సిగ్మా అనే పిస్తోలు తెస్తే గ్లాక్ సంస్థ దావా వేసింది. 1997లో రాజీ కుదిరింది, స్మిత్ అండ్ వెసన్ డబ్బు కట్టి, రూపంలో మార్పులు చేసింది. అక్కడ సొంతదారు ఎవరో కాగితం చెప్పగలిగింది. సీజెడ్ 75 విషయంలో ఆ కాగితమే లేదు.

కాగితం లేనిచోట మిగిలేది పేరు. పేరు ఎలా వస్తుందో చూద్దాం. ఇది విషాదకథ, కొంచెం నెమ్మదిగా చెబుతాను.

కాలిఫోర్నియాలో డోర్నాస్, డిక్సన్ అనే ఇద్దరు ఒక సంస్థ పెట్టారు. జెఫ్ కూపర్ సలహాదారు. సీజెడ్ 75 రూపాన్ని తీసుకుని, పెంచి, 10 మిల్లీమీటర్ల కొత్త తూటాకు పిస్తోలు చేశారు. బ్రెన్ టెన్ అని పేరు పెట్టారు. మంచి రూపం, మెచ్చుకున్న పెద్దమనిషి, కొత్త తూటా. జనం ముందే డబ్బు కట్టి ఎదురుచూశారు. 1983 ప్రాంతంలో పిస్తోళ్లు చేరడం మొదలైంది. పెట్టె విప్పితే పిస్తోలు ఉంది, మ్యాగజీన్ లేదు. కొందరికి అసలే రాలేదు. మ్యాగజీన్ లేని పిస్తోలుతో ఏమి చేస్తారు? ఒక్కో తూటా చేత్తో ఎక్కించుకోవాలి. మ్యాగజీన్లు తరువాత పంపుతామన్నారు. 1986లో సంస్థ దివాలా తీసింది. కొన్నవాళ్లు విడి మ్యాగజీన్ల కోసం ఏళ్ల తరబడి వెతికారు, ఒక్కో రేకు డబ్బాకు ఎంతో పెట్టి కొన్నారు.

మళ్లీ ఆ రేకు డబ్బాయే చూడండి. 1915లో కందకంలో ఉన్నవాడికీ, 1985లో పెట్టె విప్పినవాడికీ ఒకటే లోటు. ఇద్దరి చేతిలోనూ పిస్తోలు ఉంది, పిస్తోలు వెనక నిలబడేవాడు లేడు.

ఇప్పుడు తాన్‌ఫోల్యో పిస్తోలు కొన్నవాడి సంగతి. అమెరికాలో ఎక్స్‌కామ్ అనే దిగుమతి సంస్థ దాన్ని టీఏ-90గా అమ్మింది. ఎఫ్ఐఈ అనే సంస్థ టీజెడ్-75గా అమ్మింది. స్ప్రింగ్‌ఫీల్డ్ పి9 అనే పేరుతో అదే వంశం ఇంకోటి వచ్చింది. పిస్తోలు పక్కన పెద్ద అక్షరాల్లో దిగుమతిదారు పేరు, పెట్టె మీద అదే పేరు. ఎక్స్‌కామ్, ఎఫ్ఐఈ రెండూ మూతపడ్డాయి. కొన్నవాడికి స్ప్రింగు కావాలి. ఎవరిని అడగాలి? వాడు తన దగ్గర ఉన్నది ఎక్స్‌కామ్ అనుకుంటున్నాడు. దాన్ని తయారు చేసినవాడు ఇటలీలో బతికే ఉన్నాడు, అదే వంశం పిస్తోలు విట్‌నెస్ అనే పేరుతో ఇంకో దిగుమతిదారు అమ్ముతూ వచ్చాడు, చాలా భాగాలు దొరుకుతాయి. ఈ సంగతి తెలిసేదాకా వాడిది అనాథ పిస్తోలు, తెలిశాక మామూలు పిస్తోలు. ఉక్కు మారలేదు. వాడికి తెలిసింది మారింది.

అందుకే నకలు కొన్నవారు, సేకరించేవారు నన్ను అడిగినప్పుడు నేను దీని మొదటి రూపం ఏది అని అడగను. దీన్ని ఎవరు చేశారు, వాళ్లు ఇంకా ఉన్నారా, మ్యాగజీన్ ఎక్కడ దొరుకుతుంది అని అడుగుతాను. తరువాత భూతద్దం తీసి ముద్రలు చూడమంటాను. ఐరోపాలో పరీక్షా కేంద్రాలు ఉన్నాయి. గార్దోనేలోనూ ఒకటి ఉంది. 1914లో లియేజ్‌లో మొదలైన అంతర్జాతీయ సంఘం నియమాల ప్రకారం, పిస్తోలును మామూలు గరిష్ఠ పీడనం కంటే 30 శాతం ఎక్కువ పీడనం పుట్టించే తూటాతో కాల్చి చూస్తారు. తట్టుకుంటే ముద్ర కొడతారు. ఆ ముద్ర నాణ్యతకు హామీ కాదు, రేపు పిన్ను విరగదని కాదు. గొట్టం, గడియ ఆ బలాన్ని ఒకసారి భరించాయని సాక్ష్యం, అంతే. ఆ ముద్ర కొట్టే కేంద్రానికి అసలు ఏది, నకలు ఏది అన్నది పట్టదు. కౌట్స్కీల పిస్తోలుకూ అదే తూటా, దాన్ని చూసి చేసిన పిస్తోలుకూ అదే తూటా. నాకు ఆ సమానత్వం అంటే ఇష్టం.

ఎవరో చేయి ఎత్తారు. చెప్పండి అమ్మా. అవును, మంచి ప్రశ్న. నకలుదారుడు ఎప్పటికైనా అసలువాడితో సమానం అవుతాడా అని అడుగుతున్నారు. తాన్‌ఫోల్యో అయింది. నా అభిప్రాయం కాదు, పోటీల్లో కనిపించిన సంగతి. వాళ్లు ఫ్రేమ్‌ను పెద్దది చేసి .45, 10 మిల్లీమీటర్ల తూటాలకు అదే కుటుంబంలో పిస్తోళ్లు చేశారు. సీజెడ్ తన .45 పిస్తోలు సీజెడ్ 97ను తెచ్చింది ఆ తరువాతే. వేగంగా, గురిగా కాల్చే ప్రాక్టికల్ షూటింగ్ పోటీల్లో ఫ్రాన్స్‌కు చెందిన ఎరిక్ గ్రౌఫెల్ పలుమార్లు ప్రపంచ విజేత. ఆయన ఏళ్ల తరబడి తాన్‌ఫోల్యో పట్టాడు. తరువాత సీజెడ్ వైపు వెళ్లాడు. ఈ రెండింటి మధ్య అటూ ఇటూ మారడం ఆ ఆటలో వింత కాదు. ఎందుకు అయిందంటే, ముప్పై, నలభై ఏళ్లు అదే పిస్తోలు చేస్తూ కూర్చున్నారు. ఏది అరుగుతుందో, ఏది విరుగుతుందో తిరిగి వచ్చిన పిస్తోళ్లను చూసి నేర్చుకున్నారు. నా పదకొండు పిన్నులు నాకు నేర్పినట్టు. మొదట వేరొకరి గీత. ఇప్పుడు గేజి వాళ్లది.

జానిక్ సంస్థ ఇంకో దారి పట్టింది. సీజెడ్ 75 రూపంతో మొదలుపెట్టి, తరువాత దాన్ని దాటి, జర్మనీ వాల్తర్ పి99 వంశంలోని ప్లాస్టిక్ ఫ్రేమ్ పిస్తోళ్ల వైపు వెళ్లింది. పేరు అక్కడ సంపాదించింది. నోరింకో నకలు గురించి తయారీ గరుకు అని కొందరు, ఉక్కు గట్టిది అని కొందరు అంటారు. రెండూ నిజం కావచ్చు. నునుపు వేరు, గట్టిదనం వేరు అని నా పిన్నుల దగ్గరే చెప్పాను.

ఇక సొత్తు ఎవరిది అన్న ప్రశ్నకు చివరి మలుపు చెప్పి ముగిస్తాను. 1989 తరువాత చెకోస్లొవేకియా తలుపులు తెరుచుకున్నాయి. అసలు సీజెడ్ అమెరికా బజారుకు వచ్చింది. 1997లో అక్కడ సొంత సంస్థ పెట్టింది. అప్పటికే జనానికి ఆ పిడి తెలుసు, ఆ స్లైడ్ తెలుసు. ఎలా తెలుసు? నకళ్ల వల్ల. ఎవరి అనుమతీ లేకుండా చేసిన పిస్తోళ్లు ఏళ్ల తరబడి ఆ రూపాన్ని చేతుల్లో బతికించి ఉంచాయి. అన్యాయం జరగలేదని నేను అనను. ఆ అమ్మకాలు ఉహెర్‌స్కీ బ్రోద్ కార్మికులకు చెందవలసినవి. కానీ ఆ తరువాత వచ్చిన ఆదరణలో నకళ్లకు కూడా భాగం ఉంది.

2005లో సీజెడ్ అమెరికా విభాగం డాన్ వెసన్ అనే సంస్థను కొంది. డాన్ వెసన్ ఏమి చేస్తుంది? 1911లు చేస్తుంది. అంటే కోల్ట్ మొదట చేసిన రూపంలోనే వేరొకరు చేసే పిస్తోలు. తన రూపాన్ని ఇంతమంది తీసుకున్న సంస్థ ఇంకొకరి రూపాన్ని చేసే సంస్థకు యజమాని అయింది. అంతటితో ఆగలేదు. 2021లో సీజెడ్ కోల్ట్‌నే కొనేసింది. మరుసటి సంవత్సరం ఆ సముదాయం పేరు కోల్ట్ సీజెడ్ అయింది. 1911ను మొదట చేసిన కోల్ట్, అదే రూపాన్ని చేసే డాన్ వెసన్, కౌట్స్కీల పిస్తోలు, మూడూ ఒకే ఇంటి కిందకు వచ్చాయి. తాన్‌ఫోల్యో మాత్రం ఆ ఇంట్లో లేదు. గార్దోనేలో తన పని తాను చేసుకుంటోంది.

యోసెఫ్ కౌట్స్కీ 1989లో పోయారు, ఫ్రాంతిషెక్ 1994లో. ఇదేదీ వాళ్లు చూడలేదు.

ఆ చెక్క నమూనాలు ఎంతవరకు వచ్చాయి? చివరి వరుస దాకా వెళ్లాయా? వెళ్లాక ఇటు పంపండి. లోపలి పట్టాలున్న దానికి మీరు మళ్లీ స్లైడ్ ఎక్కించేటప్పుడు వెనక వైపు రెండు చిన్న గీతలు కనిపిస్తాయి, ఒకటి స్లైడ్ మీద, ఒకటి ఫ్రేమ్ మీద. అసలు సీజెడ్ 75 మీద ఎడమవైపు అవి ఉంటాయి. ఆ రెండూ ఒకే వరుసలోకి వస్తేనే పక్క పిన్ను బయటకు వస్తుంది, లోపలికి పోతుంది. బలం పెట్టకండి, గీతలు కలపండి చాలు.